గుండెకు మోటారు పెట్టించుకుని కోనసీమలో ఉండగలమా?

ముమ్మిడివరం వైపు నుంచి ఒకాయన అడిగింది క్లుప్తంగా ఇది: బావగారికి 48 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. గుండె పంపింగ్ 15 శాతానికి పడిపోయింది. మందులన్నీ వాడుతున్నా ఆయాసంతో పదేపదే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తోంది. హైదరాబాద్‌లో డాక్టర్లు జీవన్‌దాన్‌లో (అవయవదానం చూసుకునే ప్రభుత్వ పథకం) గుండె మార్పిడికి పేరు రాయిద్దాం, గుండె దొరికేదాకా ఎల్‌వ్యాడ్ అనే పంపు పెడదాం అన్నారు. "ఇది ప్రయోగమా? మోటారు మధ్యలో ఆగిపోతే ఏంటి? మా ఊరి కరెంటుకి అది నడుస్తుందా?"

నేను చాలా ఏళ్లు పెర్ఫ్యూజనిస్టుగా చేశాను, అంటే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని చేసే మిషను నడిపే మనిషినన్నమాట. తర్వాత ఈ పంపులు పెట్టించుకుని ఇంటికెళ్లినవాళ్లని ఫోన్లో, క్లినిక్‌లో చూసుకునే పనిలోకి వచ్చాను. మాది రాజోలు తాలూకానే కాబట్టి మీ కరెంటు సంగతీ వరద సంగతీ నాకు వేరే చెప్పక్కర్లేదు. డాక్టర్ని మాత్రం కాదండి, పెట్టాలా వద్దా అన్నది ఆయన రిపోర్టులు చూసినవాళ్లే చెప్పాలి.

ముందే చెప్పేస్తాను. మోటారు గురించి మీరు పడుతున్న టెన్షన్ చాలావరకు అనవసరం. ఆ టెన్షనేదో పొట్ట మీద నుంచి బయటికొచ్చే వైరు గురించి, ఇంట్లో గోడకున్న ప్లగ్గు గురించి పడండి. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ పంపు ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో కాస్త తెలియాలి, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఇది నిన్నా మొన్నా పుట్టిందేమీ కాదు. 1963లో అమెరికాలో హ్యూస్టన్‌లో డొమింగో లియోట్టా, స్టాన్లీ క్రాఫర్డ్ అనే సర్జన్లు ఎడమ జఠరికకు, అంటే రక్తాన్ని ఒళ్లంతా తోసే గుండె కింది గదికి, సాయంగా ఒక పంపు పెట్టారు, ఆ రోగి కొద్దిరోజులకే చనిపోయాడు. 1966లో అదే ఊళ్లో మైకేల్ డిబేకీ ఒక 37 ఏళ్ల మెక్సికో మహిళకి ఆపరేషన్ తర్వాత గుండె అందుకోకపోతే పది రోజులు పంపు మీద ఉంచి తీసేశారు, ఆవిడ కోలుకుని ఇంటికెళ్లింది. 1969లో డెంటన్ కూలీ ఏకంగా గుండె మొత్తం తీసేసి ప్లాస్టిక్ గుండె పెట్టారు. 64 గంటల తర్వాత దాని స్థానంలో దాత గుండె పెట్టినా ఆ మనిషి దక్కలేదు. ఆ ప్లాస్టిక్ గుండె తన ల్యాబులో తయారైంది, నాకు చెప్పకుండా వాడేశాడని డిబేకీకి కూలీ మీద కోపం వచ్చింది, ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరు మహామహులు సుమారు నలభై ఏళ్లు ముఖముఖాలు చూసుకోలేదు. 2007లో గానీ రాజీ పడలేదు. మన ఊళ్లలో గట్టు తగాదాలే నయం.

1982లో బార్నీ క్లార్క్ అనే దంతవైద్యుడికి సాల్ట్ లేక్ సిటీలో జార్విక్-7 కృత్రిమ గుండె పెట్టినప్పుడు ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఆయన 112 రోజులు బతికాడు, ఆ రోజుల్లో చాలా భాగం ఫిట్స్‌తో, రక్తస్రావంతో, గాలిగొట్టాలతో పెద్ద యంత్రానికి తగులుకునే గడిచాయి. కృత్రిమ గుండె అనగానే జనానికి ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ బొమ్మే, మీ ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నదీ దానికే అయ్యుంటుంది. మీ బావగారికి పెడతామంటున్నది అది కాదు. ఆయన గుండె ఆయనకే ఉంటుంది. ఎడమ జఠరిక కొసన పంపు బిగించి, అక్కడి రక్తాన్ని లాగి ఒక గొట్టం ద్వారా బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి ఒంటికి వెళ్లే పెద్ద రక్తనాళంలోకి, తోస్తారు, అంతే.

తొలితరం పంపులు చేసినవాళ్లందరికీ ఒకటే పట్టుదల, గుండె కొట్టుకున్నట్టే పంపూ కొట్టుకోవాలని. హార్ట్‌మేట్ ఎక్స్‌వీఈ అనే పంపు ఆ రకానిదే. లోపల ఒక పళ్లెం ముందుకీ వెనక్కీ కదులుతుంటే రబ్బరులాంటి పొర రక్తాన్ని తోసేది, వెనక్కి రాకుండా రెండువైపులా పంది గుండె నుంచి తీసిన వాల్వులు. బరువు కిలో పైనే, పొట్టలో పెట్టాలి, సన్నపాటి మనుషులకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, పట్టేదే కాదు. చప్పుడు బయటికి వినిపించేది. మన ఊళ్లో చేతి బోరింగు చూశారుగా, నీళ్లు బాగానే పోస్తుంది గానీ ఆర్నెల్లకోసారి వాషరు పోతుంది. దీని వ్యవహారమూ అదే. కదిలే భాగాలు ఎక్కువైన కొద్దీ అరిగేవీ ఎక్కువే.

అయినా ఆ పంపే పెద్ద గెలుపు సాధించింది. గుండె మార్పిడికి పనికిరాని 129 మంది మీద జరిగిన రీమ్యాచ్ అనే ట్రయల్ ఫలితాలు 2001లో వచ్చాయి. ఏడాది తర్వాత మందులతో ఉన్నవాళ్లలో నూటికి 25 మంది మిగిలితే పంపు పెట్టినవాళ్లలో 52 మంది మిగిలారు. రెండేళ్లకి 8, 23. అంటే పంపు ప్రాణం నిలబెడుతుంది, కానీ పంపు కూడా నిలబడాలి కదా. ఆ ట్రయల్‌లోనే రెండేళ్లలో పంపు చెడిపోయే అవకాశం 35 శాతం అని తేలింది. మీరడిగిన "మోటారు ఆగిపోతే" అన్న ప్రశ్న అప్పట్లో న్యాయమైన ప్రశ్న.

దారి మలుపు తిరిగింది ఈజిప్టులో. రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా డాక్టరు 1970ల్లో అక్కడి పల్లెలో రైతులు మరమేకులాంటి ఆర్కిమెడిస్ స్క్రూ తిప్పి నీళ్లు పైకి ఎక్కించడం చూశాడు. వాల్వుల్లేవు, కొట్టుకోవడం లేదు, తిరుగుతుంటే నీళ్లు ఎక్కుతున్నాయి. రక్తాన్నీ అలాగే తోయొచ్చుగా అన్నాడు. నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్కల మధ్య ఎర్రకణాలు నుజ్జయిపోతాయని తోటివాళ్లు కొట్టిపారేశారు. ఆయన చేసిన హీమోపంప్‌ని 1988లో హ్యూస్టన్‌లో ఓ.హెచ్. ఫ్రేజియర్ మొదటిసారి మనిషికి వాడారు. పెన్సిలంత మందం, నిమిషానికి పాతికవేల చుట్లు, కణాలు నుజ్జవలేదు. అది కొద్దిరోజుల సాయానికి వాడే పంపే, కానీ నాడి కొట్టకపోయినా మనిషి బతుకుతాడని దానితో రుజువైంది. నాసా ఇంజినీర్లు కూడా ఈ కథలోకి వచ్చారు. డేవిడ్ సాసియర్ అనే నాసా ఇంజినీరుకి డిబేకీ 1984లో గుండె మార్చారు, ఆ పరిచయంతో స్పేస్ షటిల్ ఇంజిన్లలో ఇంధన ప్రవాహం లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతులతో చిన్న పంపుని సరిదిద్దారు, అది 1998లో బెర్లిన్‌లో మొదట మనిషికి ఎక్కింది.

ఆ తిరిగే జాతిలో బాగా నిలదొక్కుకున్నది హార్ట్‌మేట్ 2. అమెరికాలో 2008లో మార్పిడి దాకా నడిపించడానికి, 2010లో జీవితాంతం వాడటానికి అనుమతి వచ్చింది. దీన్ని పాత ఎక్స్‌వీఈతో పోల్చిన ట్రయల్‌లో రెండేళ్ల బతుకు 58 శాతానికి పెరిగింది, పాత పంపుకి 24. కదిలేది ఒక్క రోటరే. కానీ ఆ రోటరు కెంపు బేరింగుల మీద, రక్తంలోనే తిరుగుతుంది. బేరింగు దగ్గర వేడి, వేడి దగ్గర రక్తం గడ్డకట్టడం, గడ్డ కడితే మళ్లీ ఛాతీ తెరిచి పంపు మార్చడం.

అందుకని బేరింగునే తీసేశారు. మీ వాళ్లకి చెప్పింది బహుశా హార్ట్‌మేట్ 3 అయ్యుంటుంది, 2014లో జర్మనీలోని హానోవర్‌లో మొదటిసారి పెట్టారు. ఇందులో రోటరు దేనికీ తగలదు, అయస్కాంత శక్తితో గాల్లో, అంటే రక్తంలో, తేలుతూ తిరుగుతుంది. చుట్టూ ఖాళీ ఎర్రకణం సైజుకి ఎన్నో రెట్లు, కణాలు హాయిగా జారిపోతాయి. సుమారు 200 గ్రాములు, ఛాతీలోనే పడుతుంది. మామూలుగా నిమిషానికి ఐదారువేల చుట్లు. రెండు సెకన్లకోసారి వేగం కావాలని తగ్గించి పెంచుతుంది, పంపు మూలల్లో రక్తం నిలవుండకుండా. దాన్ని కృత్రిమ నాడి అంటారు గానీ చెయ్యి పట్టుకుంటే దొరికే నాడి కాదు. వెయ్యిమందికి పైగా రోగులతో హార్ట్‌మేట్ 2, 3లని పోల్చిన మొమెంటం 3 ట్రయల్‌లో పంపులో గడ్డలు పాతదాంట్లో 13.9 శాతం మందికి వస్తే కొత్తదాంట్లో 1.4 శాతం. ఐదేళ్లకి కొత్త పంపు మీద నూటికి 58 మంది బతికున్నారు, పాతదాని మీద 44. ఇవి అమెరికా ఆసుపత్రుల అంకెలు, తూకం వేసుకుని తీసుకోండి. ప్రయోగమా అన్నదానికి మాత్రం జవాబు ఇదే, కాదు.

అలాగని అన్ని కొత్త పంపులూ బాగుపడలేదు. హార్ట్‌వేర్ వాళ్ల హెచ్‌వ్యాడ్ చాలామందికి పెట్టారు, పక్షవాతం ఎక్కువగా రావడం, ఒకసారి ఆగితే తిరిగి స్టార్ట్ అవకపోవడం లాంటి సమస్యలతో 2021 జూన్‌లో, హార్ట్‌వేర్‌ని కొనేసిన మెడ్‌ట్రానిక్ కంపెనీ అమ్మకం ఆపేసింది. కాబట్టి ఏ పంపు పెడుతున్నారో పేరు అడిగి రాసుకోండి.

మరి ఇంత బాగుపడ్డాక మిగిలిన తలనొప్పి ఏంటంటే వైరు. అరవై ఏళ్లలో వాల్వులు పోయాయి, పొర పోయింది, బేరింగు పోయింది, వైరు మాత్రం అలాగే ఉంది. చర్మం మీదుగా వైరు లేకుండా కరెంటు పంపడం 2001లోనే అబియోకార్ అనే కృత్రిమ గుండెలో చేశారు, 2019లో కజకిస్తాన్‌లో ఇద్దరు రోగుల పంపుల్ని కొన్ని గంటలపాటు వైరు లేకుండా నడిపినట్టు రిపోర్టు వచ్చింది, మనకి అందుబాటులోకి రావడానికి టైం పడుతుంది. దాని కోసం ఆగేంత తీరిక మీ బావగారికి ఉందని నేననుకోను.

వైరు పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి నడుముకుండే కంట్రోలర్‌లో కలుస్తుంది. కంట్రోలర్‌కి రెండు కేబుళ్లు, ఒక్కోదానికి ఒక్కో బ్యాటరీ. జత బ్యాటరీలు బాగుంటే పది గంటల పైన, గరిష్ఠంగా 17 గంటల దాకా వస్తాయి. రెండు కేబుళ్లూ ఒకేసారి ఊడదీయకూడదు, ఒకటి మార్చి, అది పట్టుకున్నాక రెండోది. ఇది నిద్రలో లేపి అడిగినా ఇంట్లో ఇద్దరికి చేతనవ్వాలి. పొరపాటున రెండూ ఊడినా కంట్రోలర్ లోపల ఓ పావుగంట నడిపే చిన్న బ్యాటరీ ఉంటుంది. ఎర్ర గుండె గుర్తు వెలిగి ఆగకుండా మోగితే అది ప్రమాదం, వెంటనే ఫోన్ చెయ్యాలి. పసుపు గుర్తయితే ఊపిరి పీల్చుకుని స్క్రీన్ మీద ఏం రాసిందో చదవొచ్చు.

రాత్రి పడుకునేటప్పుడు గోడ ప్లగ్గుకి తగిలిస్తారు, ఇక్కడే మన ఇళ్ల అసలు సంగతి బయటపడుతుంది. పాత మండువా ఇళ్లల్లో, ఆ మాటకొస్తే కొత్త డాబాల్లో కూడా, మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది గానీ మూడో కన్నం వెనక ఎర్త్ వైరు ఉండదు. ఆపరేషన్‌కి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ కొత్తగా వేయించండి. ఆ సాకెట్టుకి ఇంకేదీ తగిలించొద్దు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలొద్దు, సాకెట్టుకి స్విచ్ ఉంటే ఎవరూ ఆపకుండా ఏదో ఒకటి చెయ్యండి. ఇన్వర్టరు ఏ రకం పనికొస్తుందో ఆసుపత్రి టీముని అడిగి కొనండి, కొట్టువాడిని అడిగి కాదు. కరెంటాఫీసులో ఏఈకి, మీ లైన్‌మన్‌కి ఆసుపత్రి లెటరుతో విషయం చెప్పి ఉంచండి. మనవాళ్లు మొహమాటానికైనా ఫోన్ చేసి చెప్తారు, ఇవాళ మెయింటెనెన్స్ ఉందని.

తుపాను వేరే కథ. 1996 నవంబరు గుర్తుందిగా, కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ పడుకున్నాయి, కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందో మీ ఇంట్లోవాళ్లే చెప్తారు. హెచ్చరిక వినగానే బ్యాటరీలన్నీ నింపుకుని మనిషిని కాకినాడకో రాజమండ్రికో పంపేయండి, గాలి మొదలయ్యాక కాదు. ఇల్లు లంకలో ఉంటే మాత్రం గట్టిగా చెప్తున్నా, వరదల నెలల్లో ఆయన అక్కడ ఉండకూడదు. 2022 జూలైలో లంకల్లో ఎన్ని రోజులు పడవల మీద తిరిగారో చూశాం. గట్టు మీదో పట్నంలోనో అద్దెకైనా ఒక గది చూసుకోండి. మనకి ఒక్క సౌకర్యం ఉంది, రొయ్యల చెరువుల వాళ్లందరికీ ఏరేటర్ల కోసం జనరేటర్లు ఉంటాయి. దగ్గర్లో ఒకరితో మాట్లాడి పెట్టుకోండి. ఆ కరెంటుతో బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడం వరకే, అదీ టీముతో చెప్పి. మనిషిని నేరుగా దానికి తగిలించొద్దు, వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది.

వైరు బయటికొచ్చే చోట చీము పట్టడం మన వాతావరణంలో పెద్ద గండం. చెమట, ఉక్క, దానికి తోడు లుంగీ ముడి, మొలతాడు సరిగ్గా అక్కడే రాసుకుంటాయి. నేను చూసిన ఒకాయనకి డ్రెస్సింగ్ పద్ధతి ప్రకారమే చేస్తున్నా ఎర్రదనం తగ్గడం లేదు, కారణం తెలియక వీడియో కాల్‌లో మామూలుగా ఇంట్లో ఎలా ఉంటారో అలా నిలబడమంటే, లుంగీ ముడి వైరు మీద కూర్చుని కనిపించింది. నాడాల పైజమాలూ వద్దు, వదులు ఎలాస్టిక్ కొనండి, వైరుని పొట్టకి కదలకుండా అంటించే క్లిప్పు ఎప్పుడూ ఉండాలి. వైరు ఒక్కసారి లాగినట్టయినా లోపల అతుక్కున్న కండ విడిపోతుంది, క్రిములకి దారి అదే. చిన్నపిల్లలుంటే జాగ్రత్త. కాలవ స్నానం, చెరువు స్నానం ఇక లేవు. 2027 పుష్కరాలకి కూడా మునక లేదు, రేవులో మెట్టు మీద కూర్చుని నెత్తిన చల్లుకోవడమే.

ఎండాకాలం ఇంకో చిక్కు. ఇన్నాళ్లూ ఆయనకి నీళ్లు తక్కువ తాగమని చెప్పుంటారు. పంపు పెట్టాక లెక్క మారుతుంది. ఈ పంపు తనకి అందినదాన్నే తోయగలదు, ఒంట్లో నీరు తగ్గితే జఠరిక గోడనే లాక్కోబోతుంది, ప్రవాహం నిమిషానికి 2.5 లీటర్ల కిందికి పడి అలారం మోగుతుంది. రోహిణి కార్తెలో ఎండలో తిరిగినా, విరేచనాలు పట్టుకున్నా ఇదే. రోజూ బరువు చూసి రాసుకోవాలి, నీటి మాత్ర ఎప్పుడు ఆపాలో టీముని అడగాలి. కొబ్బరి వ్యాపారం కాబట్టి బొండాలకి కొదవుండదు, కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఆయన వాడే మందుల్లో కొన్ని దాన్ని ఇంకా పెంచుతాయి, అడక్కుండా తాగనివ్వద్దు.

రక్తం పలచన చేసే వార్ఫరిన్ పంపు ఉన్నన్నాళ్లూ తప్పదు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనైందో చెప్పే పరీక్ష అంకె) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఆస్పిరిన్ మాత్రం, 2023లో వచ్చిన ట్రయల్ ప్రకారం, హార్ట్‌మేట్ 3 ఉన్నవాళ్లకి మానేస్తే రక్తస్రావాలు తగ్గాయి, ఇబ్బంది పెరగలేదు, మీ డాక్టర్ని అడగండి. గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు. ఒక వారం రోజూ తిని ఇంకో వారం మొహం చూడకపోవడమే తప్పు. పులస తినొచ్చా అని ఒకరు అడిగారు, చేపతో గొడవ లేదు, పులుసులో ఉప్పుతో ఉంది. ఉప్పుచేప, ఆవకాయ సంగతి మీకే తెలుసు. మలం నల్లగా వస్తే ఆగకుండా ఫోన్ చెయ్యాలి, ఈ పంపుల వల్ల పేగుల్లో రక్తం కారడం మామూలే.

ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరుగారికి ముందే చెప్పి పెట్టండి. ఆయన మణికట్టు పట్టుకుంటే నాడి దొరకదు, మామూలు బీపీ మిషను అంకె చూపించకపోవచ్చు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పూ తప్పు చెప్పొచ్చు. మనిషి మాట్లాడుతున్నా కంగారుపడి ఛాతీ నొక్కేస్తారు. స్టెతస్కోపు ఛాతీ మీద పెడితే సన్నటి హమ్మని మోత వినాలి, ఉంటే పంపు నడుస్తోంది. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పిర్రకి పొడవడం మనకి అలవాటు, రక్తం పలచన మందు మీదున్న మనిషికి అది ప్రమాదం, అది ఒక్కటి మాత్రం దండం పెట్టి ఆపండి. ఎంఆర్ఐ కూడా కుదరదు.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పంపు, ఆపరేషన్, ఐసీయూ కలిపి కోటి రూపాయల చుట్టూ తిరిగే వ్యవహారం. తర్వాత డ్రెస్సింగ్ సామాను, రక్త పరీక్షలు, హైదరాబాద్ ప్రయాణాలు ప్రతి నెలా ఉంటాయి. పొలం అమ్మేముందు ఈ నెలవారీ ఖర్చు కాగితం మీద రాసుకోండి. ఇంకోటి, పెట్టించాలనుకుంటే మరీ సాగదీయొద్దు. కిడ్నీలు, లివరు దెబ్బతిని, ఐసీయూలో మందుల బొట్లతో బీపీ నిలబెడుతున్న దశలో పెట్టిన పంపుకి ఫలితాలు బాగుండవు, అది పంపు తప్పు కాదు.

ఈ పంపు సాయం చేసేది ఎడమవైపుకే. కుడి జఠరిక బలహీనంగా ఉంటే ఎడమవైపుకి రక్తం అందించలేక చేతులెత్తేస్తుంది. అందుకే ఎకో రిపోర్టులో కుడివైపు గురించి ఏం రాశారో, కేథటర్ పెట్టి ఊపిరితిత్తుల ఒత్తిడి కొలిచారా, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, లివరు సంగతి చెప్పే బిలిరుబిన్ ఎంతున్నాయో చూసి, పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. ఇల్లు గట్టుకి ఇవతలా లంకలోనా, రాత్రిపూట బ్యాటరీ మార్చగలిగేది అక్కయ్యగారు కాక ఇంకెవరున్నారు అన్నది కూడా రాయండి.